మాడకో తిత్తి, గవ్వకో గోతం



మీ జేబులో పర్సు ఉంటే ఒకసారి బయటికి తీసి చూడండి. నోటు మడత నలగకుండా పట్టేంత పొడుగుంటుంది. బ్యాంకు కార్డు దూరేంత అర ఉంటుంది. ఆ కొలతలు కుట్టినవాడు తన ఇష్టం కొద్దీ పెట్టినవి కావు, లోపల పెట్టే వస్తువును బట్టి వచ్చినవి. మరి నోటూ కార్డూ లేని రోజుల్లో, ఏడెనిమిది వందల ఏళ్ల కిందట, మన కళింగ తీరంలో సంతకు వెళ్లిన మనిషి నడుముకు ఎలాంటి సంచి కట్టి ఉంటాడు? ఆ సంచిని ఇవాళ మళ్లీ కుట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఈ పూట ఆ సంగతే చెబుతాను.

పాతకాలపు తోలు సంచులను చేత్తో కుట్టడం ఇప్పుడు చాలా దేశాల్లో ఒక వ్యాపకం. యూరప్‌లో పాత కోటల దగ్గర ఉత్సవాలు చేసుకుంటారు. ఆనాటి బట్టలు కట్టి, ఆనాటి వంటలు వండి, ఆనాటి పనిముట్లతో బజారు పెడతారు. ఆ వేషానికి నడుము దగ్గర సంచి లేకపోతే వెలితి, ఎందుకంటే అప్పటి బట్టలకు జేబుల్లేవు. అందుకని తాడు లాగితే మూతి బిగుసుకునే సంచులు, మీదికి మూత వాలేవి, బెల్టుకు రెండు కాడలతో తగిలించేవి, ఇలా రకరకాలు కుడతారు. నేను భోగాపురంలో ఇంటి అరుగు మీద కూర్చుని ఈ పని చేస్తుంటే దారిన పోయేవాళ్లు ఆగి, "ఏటి బావూ, ఇది ఏ దేశం సంచి?" అని అడుగుతారు. మనదే, కళింగం సంచి అంటాను. నవ్వి వెళ్లిపోతారు. భోగాపురం అంటే అందరికీ ఇప్పుడు విమానాశ్రయమే. దానికి ముందు ఇక్కడ రేవులున్నాయనీ, వర్తకులు నడిచారనీ గుర్తు చేయాల్సి వస్తోంది.

యూరప్‌వాళ్లకు ఈ పనిలో ఒక వెసులుబాటు ఉంది. వాళ్లకు నేల సాయం చేసింది. నీళ్లు నిలిచి, గాలి చొరని బురద పొరల్లో తోలు వందల ఏళ్లు చెడకుండా ఉంటుంది. హాలండ్‌లో పాత కాలువలు, చెత్తగుంటలు తవ్వితే మధ్యయుగాల సంచుల ముక్కలు బయటపడ్డాయి. ఓలాఫ్ గౌబిట్స్ అనే ఆయన జీవితమంతా ఆ ముక్కలను కడిగి, ఆరబెట్టి, బొమ్మలు గీసి, చివరికి ముక్కలైన సంచుల మీద ఒక పెద్ద పుస్తకమే వేశాడు. ఆ ముక్కల్లో తమాషా ఏమిటంటే తోలు మిగిలింది, దారం మిగల్లేదు. కుట్టిన నార కుళ్లిపోయి ఒట్టి రంధ్రాలు ఉండిపోయాయి. రంధ్రాలు ఎంత ఎడంగా ఉన్నాయో, ఏ పక్కకు వాలి ఉన్నాయో, తోలు అంచు ఎటు సాగిందో చూసి, కుట్టు ఏ రకమో, సంచి తిరగేసి కుట్టిందో కాదో చెబుతారు.

ఇంగ్లండ్‌లో దీనికి తలకిందుల కథ. 1939లో సట్టన్ హూ అనే చోట ఏడో శతాబ్దపు రాజు సమాధి తవ్వారు. అక్కడ డబ్బు సంచి పై మూతకు తొడిగిన బంగారు చట్రం, ఎర్రటి గోమేధికాల పొదుగుడుతో సహా చెక్కుచెదరకుండా దొరికింది. లోపలి 37 బంగారు నాణేలూ దొరికాయి. వాటిని మోసిన తోలు మాత్రం మట్టిలో కలిసిపోయింది.

మన తీరం కూడా ఆ రెండో కోవలోదే. ఇసుక నేల, ఉప్పుగాలి, ఉక్కపోత, వీటి మీద చెదపురుగు. ఇన్నింటి మధ్య తోలు నిలవదు. కాబట్టి మనం పాత సంచి ముందు పెట్టుకుని నకలు తీయలేం. లోపల పెట్టిన వస్తువు నుంచి బయటికి రావాలి. నాణెం మిగిలింది కదా, నాణేన్నే కొలబద్ద చేసుకోవాలి. ఈ పద్ధతి నకలు తీయడం కంటే మేలని నా అభిప్రాయం. నకలు తీసేవాడు ఆకారాన్ని చూస్తాడు. నాణెంతో మొదలుపెట్టినవాడికి ఆ ఆకారం ఎందుకొచ్చిందో తెలుస్తుంది.

అప్పటి నాణేల సంగతి గుడి శాసనాలు చెబుతాయి. సింహాచలం, శ్రీకూర్మం, ముఖలింగం గుళ్లలో వందల శాసనాలున్నాయి. చాలావాటిలో విషయం ఒకటే. ఫలానావారు దేవుడికి అఖండ దీపం పెట్టించి, దాని ఖర్చుకు శ్రీభండారంలో ఇన్ని గండమాడలు, అంటే బంగారు నాణేలు, కట్టారు అని. రాజులు, రాణులు, అధికారులు, వర్తకులు, అందరూ ఉంటారు. ఇక చేతికి దొరికే, కళింగాన్ని ఏలిన గంగరాజుల బంగారు నాణేలు చూస్తే, వాటిని పణం అంటారు, ఒక్కోటి నాలుగు వందల మిల్లీగ్రాములకు అటూ ఇటూ తూగుతుంది. శనగబద్దంత ఉంటుంది. అంతటి దాని మీద ఒకవైపు పడుకున్న నంది, రెండోవైపు అంకుశం, రాజు ఏలుబడిలో అది ఎన్నో ఏడో చెప్పే అంకె. వేలి కొన మీద పెట్టుకుని ఊదితే ఎగిరిపోయే బంగారం.

ఇప్పుడు చెప్పండి, ఈ నాణేన్ని మామూలు కుట్టు వేసిన సంచిలో పోస్తే ఏమవుతుంది? నాలుగు రోజులు నడిస్తే కుట్టు దగ్గర నోరు విచ్చుకుంటుంది. ఆ సందులోంచి ఒక్కో పణమూ జారిపోతుంది. రాలినా చప్పుడు కాదు. అందుకని పణాల సంచికి పెద్ద నోరు పనికిరాదు, మూలలు పనికిరావు, కుట్టులో సందు అసలే పనికిరాదు.

పణానికి పూర్తిగా విరుద్ధమైనది వేంగీ చాళుక్యుల మాడ. రాజరాజ నరేంద్రుడి బంగారు మాడలు చూసినవాళ్లకు తెలుస్తుంది, వెడల్పుగా, రేకులా పల్చగా ఉంటాయి. మధ్యలో వరాహం, చుట్టూ ఒక్కొక్క అక్షరం విడివిడిగా కొట్టిన ముద్రలు. ఈ రేకును మెత్తటి గుండ్రటి తిత్తిలో వేసి మూతి బిగిస్తే వంగిపోతుంది. దీనికి అడుగు గట్టిగా ఉండే బల్లపరుపు సంచి కావాలి, మీద మూత వాలాలి. ఈ చాళుక్యుల నాణేలు బంగాళాఖాతం అవతల, బర్మాలోని అరకాన్ తీరం దగ్గర చెడూబా దీవిలో కూడా దొరికాయి. సముద్రం దాటిన ఆ రేకుల మాడను ఏ వర్తకుడు ఎందులో దాచి తీసుకెళ్లాడో అని కుట్టేటప్పుడల్లా నాకు అనిపిస్తుంది. తడి తగలకుండా, వంగకుండా, ఓడ ఊగినా గలగలమనకుండా ఉండాలి కదా.

మూడోది గవ్వ. మనకు పక్కనే ఉన్న ఒడిశాలో చిల్లర వ్యాపారమంతా పందొమ్మిదో శతాబ్దం ఆరంభం దాకా గవ్వలతోనే నడిచింది. రూపాయికి 5120 గవ్వలని సర్కారు లెక్క కట్టింది. ఒక్కో గవ్వ గ్రాము అనుకున్నా రూపాయి చిల్లర ఐదు కిలోల పైమాట. కంపెనీవాళ్లు గవ్వలు చెల్లవు, శిస్తు వెండిలోనే కట్టమన్నందుకు పుట్టిన కష్టం 1817 నాటి, అక్కడి పాత సైనికులైన పైకుల తిరుగుబాటుకు ఒక కారణం. గవ్వలకు నడుము సంచి ఏమిటి, గోతమే. అందుకే గవ్వల కాలపు సంచి చేయమని ఎవరైనా అడిగితే నేను ఒప్పుకోను. అది నా పని కాదు, గోనెపని.

సంచి ఎక్కడ కట్టుకునేవారు అన్నది ఇంకో చిక్కు. యూరప్‌లో బెల్టుకు తాళ్లతో వేలాడదీసేవారు. దొంగ వెనక నుంచి వచ్చి చిన్న కత్తితో తాడు తెంపుకుని పోయేవాడు. ఆ దొంగతనానికి వాళ్ల భాషలో ప్రత్యేకంగా పేరే ఉంది. మన దగ్గర మనుస్మృతిలో ముడి విప్పే దొంగకు శిక్ష రాశారు. మొదటిసారి దొరికితే వేళ్లు తెగ్గొట్టమని. అంటే ఇక్కడ చాలామంది డబ్బును పంచె కొంగులోనో ఉత్తరీయం చెంగులోనో ముడి వేసుకునేవారన్నమాట. మా ముసలివాళ్లు నిన్నమొన్నటి దాకా చేసింది కూడా అదే. మగవాళ్లు రొండిన దోపుకునేవారు, ఆడవాళ్లు కొంగున కట్టుకునేవారు. కాబట్టి తోలు తిత్తి ప్రతి మనిషికీ అవసరపడే వస్తువు కాదు. ఎక్కువ డబ్బుతో ఎక్కువ దూరం నడిచేవాడికి కావలసినది. నేను కుట్టే సంచులకు బయట వేలాడే తాళ్లు పెట్టను. మొలతాడుకు గానీ నడికట్టుకు గానీ ఎక్కించుకునేలా వెనక రెండు కాడలు పెడతాను. పంచె కింద దాగిపోతుంది.

ఇక తోలు సంగతి. బజారులో దొరికే తోలులో ఎక్కువ భాగం క్రోమియం ఉప్పులతో పదును పెట్టింది. ఆ పద్ధతి పందొమ్మిదో శతాబ్దం చివర్లో వచ్చింది. పని గంటల్లో తెమిలిపోతుంది, తోలు మెత్తగా ఉంటుంది, నీటికి ఆగుతుంది. చెప్పులకూ చేతి తొడుగులకూ బాగుంటుంది కానీ పాతకాలపు సంచికి నప్పదు. గుర్తుపట్టడం తేలిక. అంచు కోసి చూడండి, లోపల నీలం బూడిద రంగు కనిపిస్తే అది క్రోమ్ తోలు. గోధుమ రంగు కనిపిస్తే చెక్కతో ఊరవేసింది. ఒక నీటి చుక్క వేసి చూసినా తెలుస్తుంది. చెక్క తోలు చుక్కను తాగి నల్లబడుతుంది.

మన పాత పద్ధతిలో ముందు తోలును సున్నపు నీళ్లలో నానబెట్టి బొచ్చు దులుపుతారు. లోపలి మాంసపు పొర గీకేస్తారు. సున్నం పోయేదాకా కడిగి, తంగేడు చెక్క నానిన నీళ్లలో వేస్తారు. పల్చటి నీళ్లతో మొదలుపెట్టి రోజులు గడిచేకొద్దీ చిక్కటి నీళ్లలోకి మారుస్తారు. ఒక్కసారే చిక్కటి దాంట్లో వేస్తే పైపొర బిగుసుకుపోయి లోపలికి పదును ఎక్కదు. చివర కరక్కాయ నీళ్లు, ఆపైన నూనె. మన డొంకల పక్కన, బీడుల్లో పచ్చగా పూసే ఈ తంగేడుతో ఊరిన తోలు ఒకప్పుడు మద్రాసు రేవు నుంచి ఓడలకెక్కి లండన్ బజారుకు పోయేది. ఈస్ట్ ఇండియా తోలు అని దానికి అక్కడ పేరు. తమిళనాడులో ఇప్పటికీ చేస్తున్నారు. నేను తెప్పించుకునేది అక్కడి మేకతోలే. సంచికి మేకతోలును మించింది లేదు. గొర్రెతోలు మెత్తగానే ఉంటుంది, లాగితే పొరలు పొరలుగా ఊడుతుంది. గేదెతోలు మందం ఎక్కువ, తిరగేయడానికి లొంగదు.

తోలు మాట వచ్చినప్పుడు ఒక తెలుగువాడి పేరు చెప్పకుండా ముందుకు పోకూడదు. తెనాలి దగ్గర యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ. మద్రాసులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థకు 1958 నుంచి డైరెక్టరుగా ఉండి, దాన్ని లోకమంతా తిరిగి చూసేలా నిలబెట్టాడు. 1985 జూన్ 23న కనిష్క విమానం కూలినప్పుడు అందులో ఉన్నాడు. రైతు కుటుంబంలో పుట్టి, నలుగురూ ముక్కు మూసుకునే తోలు పనిని తన శాస్త్రంగా ఎంచుకున్న మనిషి. మన పాఠ్యపుస్తకాల్లో ఆయనకు ఇంకాస్త చోటు ఉండాల్సింది.

పణాల తిత్తి కుట్టే విధం చెబుతాను. మేకతోలును బాదం ఆకారంలో రెండు ముక్కలు కోయాలి. అరచేతిలో ఇమిడేంత చాలు. కోయడానికి రంపె, పొడవడానికి ఆరె. మూడో ముక్కగా దారమంత సన్నటి పొడుగాటి తోలు పట్టీ ఒకటి తీయాలి. అసలు కీలకం అదే. రెండు ముక్కల మంచి వైపులు ఎదురెదురుగా పెట్టి, వాటి అంచుల మధ్య ఈ పట్టీని ఇరికించి, మూడింటినీ కలిపి కుట్టాలి. తర్వాత తడిపి తిరగేస్తే పట్టీ కుట్టులో బిగుసుకుని సందును మూసేస్తుంది. బయటి నుంచి దారం కనబడదు కాబట్టి రాపిడికి తెగదు. లోపలి నుంచి పణం జారదు. హాలండ్ బురదలో దొరికిన సంచుల్లోనూ ఇలాంటి పట్టీలు ఉన్నాయి. చిన్న నాణెం జారిపోయే బాధ అక్కడివాళ్లకూ ఇక్కడివాళ్లకూ ఒకటే కాబట్టి ఉపాయమూ ఒకటే అయి ఉంటుంది.

దారానికి జనుమునార వాడతాను. మన జిల్లాలో ఒకప్పుడు గోగునారకు కొదవ ఉండేది కాదు, నెల్లిమర్లలో జూట్ మిల్లే పెట్టారు. కానీ గోగునార గోనెకు పనికొచ్చినట్టు చిన్న సంచికి పనికిరాదు, పీచు లేస్తుంది. జనుమును తొడ మీద పేని, తేనె మైనం ముద్ద మీదుగా లాగితే మైనం రాపిడికి వేడెక్కి పీచులోకి ఇంకుతుంది. అలా మైనం పట్టిన దారం రంధ్రంలోకి వెళ్లాక కదలదు. ఒక కుట్టు తెగినా పక్క కుట్టు ఊడదు. రెండు సూదులతో, ఒకే రంధ్రంలోకి అటూ ఇటూ నుంచి దూర్చి కుట్టాలి. ఆరెను నిటారుగా పొడవకూడదు. కొంచెం వాల్చి పొడిస్తే కుట్లు ఒకదాని మీద ఒకటి ఒరిగి వరసగా కూర్చుంటాయి.

మూతికి రంధ్రాలు సరి సంఖ్యలో ఉండాలి. బేసి అయితే తాడు ఒక కొస బయటికీ ఒక కొస లోపలికీ వస్తుంది. రెండు తాళ్లు ఎదురెదురు వైపుల నుంచి దూర్చి రెండు చేతులా లాగితే మూతి పూర్తిగా మూసుకుంటుంది. తాడు కొసలకు ఇత్తడి పూసలు కడితే అందం, ఉపయోగం కూడా. మన శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడికి పేరుంది. అక్కడి పనితనంతో పోత పోసిన చిన్న ఉంగరం ఒకటి పడితే సంచి విలువే మారిపోతుంది. ఉప్పుగాలికి చిలుము పడుతుంది. అప్పుడప్పుడు చింతపండుతో తోముకోవాలి, అంతే.

రంగు వేయడంలో నాకు బాగా నచ్చేది నలుపు. కలంకారీవాళ్లు చేసినట్టే, తుప్పుపట్టిన ఇనుప మేకులు బెల్లం నీళ్లలో వేసి రెండు మూడు వారాలు పులియబెట్టాలి. వడకట్టిన ఆ నీళ్లు చూడటానికి గోధుమ రంగులో మురికిగా ఉంటాయి. తంగేడు తోలు మీద కుంచెతో ఒక్క గీత గీయండి. గీసినంత మేరా ముందు బూడిద రంగు, తర్వాత నీలం కలిసిన నలుపు, మీ కళ్ల ముందే ఎక్కుతుంది. తోలులోని వగరు, నీళ్లలోని ఇనుము కలిసి పుట్టే నలుపు అది. పైపైన పూసిన రంగు కాదు కాబట్టి చేతికి అంటదు, ఉతికినా పోదు. అయితే ఆ నీళ్లు తోలులో మిగిలిపోతే కొన్నేళ్లకు తోలు పెళుసెక్కుతుంది. మంచినీళ్లతో కడిగి, నీడన ఆరబెట్టి, నూనె పట్టించడం మరవకూడదు. వానాకాలంలో మా తీరంలో తోలుకు బూజు పడుతుంది. పాలిథిన్ కవర్లో పెట్టి దాచితే ఇంకా తొందరగా పడుతుంది. నూలుగుడ్డలో చుట్టి గాలి ఆడే చోట పెట్టండి.

మన దేశపు తోలుపని అప్పట్లో తక్కువదేమీ కాదు. పదమూడో శతాబ్దం చివర్లో వచ్చిన మార్కో పోలో గుజరాత్ గురించి రాస్తూ, అక్కడ మేక, ఎద్దు, గేదె తోళ్లు పదును చేసి ఓడల కొద్దీ అరబ్బు దేశాలకు పంపుతారని, ఎర్రతోలు నీలితోలు మీద పక్షులను జంతువులను పొదిగి వెండి బంగారు తీగలతో కుట్టిన చాపలు చేస్తారని మెచ్చుకున్నాడు. ఆ మనిషే మన మోటుపల్లి రేవు గురించీ రాశాడు, అక్కడి పల్చటి బట్టలను పొగిడాడు.

గుజరాత్ చాపను మెచ్చుకున్న యాత్రికుడికి దాన్ని కుట్టిన మనిషి పేరు అక్కర్లేకపోయింది. మనకూ అక్కర్లేకపోయింది. గండమాడలు కట్టినవారి పేర్లు సింహాచలం స్తంభాల మీద చెక్కి ఉన్నాయి. ఆ మాడలను మోసిన సంచి కుట్టినవాడికి గుడి గడప తొక్కే హక్కే ఉండేది కాదు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో తోలుపని కులంలో పుట్టిన మాదర చెన్నయ్యను శివుడి పక్కన కూర్చోబెట్టాడు. జాషువా 1941లో గబ్బిలం కావ్యంలో తోలు కుట్టి బతికేవాడినే కథానాయకుణ్ణి చేశాడు. ఇలాంటి మినహాయింపులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఊరికి తోలు కావాలి, మోటకు తొండం కావాలి, కమ్మరి కొలిమికి తిత్తి కావాలి, జాతరకు డప్పు కావాలి. వాటిని చేసినవాణ్ని మాత్రం ఊరి చివర ఉంచారు. ఇవాళ చేతిపని సంచి అని పేరు పెట్టి నాలాంటివాళ్లు అరుగు మీద కూర్చుని కుడితే ముచ్చటగా చూస్తున్నారు. ఆ పనే తాతల నాటి నుంచి చేస్తున్నవాడికి ఆ ముచ్చట ఎప్పుడూ దక్కలేదు. ఈ తేడా మనసులో పెట్టుకోకుండా పాతకాలపు సంచుల గురించి మాట్లాడటం సగం నిజమే అవుతుంది.

నేను ఆరె పట్టడం నేర్చుకున్నది కూడా మా బస్సుస్టాపు దగ్గర చెట్టుకింద కూర్చునే ఒక పెద్దాయన దగ్గరే. విదేశీ పుస్తకాలు కుట్టు ఎక్కడ పడాలో చెప్పాయి. చెయ్యి ఎంత బిగువుగా లాగాలో ఆయన చెప్పాడు. నేను పణాల తిత్తి నమూనా చూపిస్తే ఆయన తిరగేసి, కుట్టు మీద గోరుతో గీకి, "పట్టీ బాగానే ఎట్టినావు గానీ, అడుగున దారం బిగీలేదు నాయినా" అన్నాడు. చూస్తే నిజమే.

శ్రోతలకు నా మనవి ఒక్కటే. మీ ఊళ్లోనో మీ దగ్గర టౌనులోనో అలాంటి చేతులు ఇంకా ఉంటాయి. రబ్బరు చెప్పులు, ప్లాస్టిక్ బూట్లు వచ్చాక వాళ్లకు జిప్పులు వేయడం, అట్టలు అతికించడం తప్ప పని మిగల్లేదు. ఈసారి వెళ్లినప్పుడు ఒక మంచి తోలు ముక్క పట్టుకెళ్లి, తాళంచెవులు పట్టేంత తిత్తి ఒకటి కుట్టిపెట్టమనండి. లోపల ఏం వేసుకుంటారో ముందే చెప్పండి, కొలత ఆయనే చూసుకుంటాడు. అడిగినంత ఇవ్వండి, బేరం ఆడకండి.